ఎనిమిది వెయ్యనోడికి లోకమంతా పర్మిట్టు

లింగాల ఘనపూర్ నుంచి జనగామకు సెవెన్ సీటర్ ఆటోలో పోతున్నాం. పేరుకు ఏడు సీట్లు. ఎక్కింది పద్నాలుగు మందిమి. డ్రైవరుకు అటొకడు, ఇటొకడు. వెనక రాడ్డు పట్టుకుని ఇద్దరు కాలేజీ పోరగాళ్లు. కాళ్ల కింద కోళ్ల గంప. డ్రైవరు చెవికీ భుజానికీ మధ్య ఫోను. బండికి ఇన్సూరెన్సు ఉందా? ఫిట్‌నెస్ ఉందా? నడిపేవాడికి లైసెన్సు ఉందా? ఎవరడుగుతారు? అడిగినోణ్ణి నడిరోడ్డు మీద దింపేస్తాడు.

ఆ ఆటోలో మా మేనల్లుడు సగం నా ఒళ్లో, సగం గాల్లో కూర్చుని ఒక ప్లాస్టిక్ ఫైలును గుండెకు హత్తుకున్నాడు. ఇంతకీ ఏ పని మీద పోతున్నాం? పరాయి దేశంలో చట్టప్రకారం కారు నడపడానికి కావాల్సిన కాగితాలు తేవడానికి.

మీకు నవ్వు రావడం లేదు కదూ? తెలుసు. మీరూ ఇదే ఆటోలో పోతారు.

మేనల్లుడికి టెక్సాస్‌లో ఎమ్మెస్ సీటొచ్చింది. కన్సల్టెన్సీ వాళ్లు ఒక చిట్టా ఇచ్చారు. అందులో ప్రెషర్ కుక్కరుంది, చింతపండుంది, గోంగూర పచ్చడుంది, వాటి కింద ‘ఇంటర్నేషనల్ లైసెన్స్’ ఉంది. కుక్కరు సంగతి నిజం. ఇంటర్నేషనల్ లైసెన్స్ అనే వస్తువు మాత్రం భూమ్మీద ఎక్కడా లేదు. ఉన్నది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. అది లైసెన్సు కాదు, మన లైసెన్సుకు తర్జుమా. ఒరిజినల్ లైసెన్సు పక్కన లేకపోతే దాని విలువ పెండ్లికొడుకు లేని పెండ్లి పత్రికంత. ఈ ముక్క కన్సల్టెన్సీకి తెలియదా? తెలుసు. చెబితే చిట్టా బరువు తగ్గుతుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి బోగస్ ‘అంతర్జాతీయ లైసెన్సులు’ అమ్మేవాళ్ల మీద 2003లోనే కోర్టుకెక్కింది. మన దగ్గర? చిట్టాలో ఇంకో లైను పెరిగింది.

సరే, పర్మిట్టే తీసుకుందాం. ముందుగా వాడి అసలు లైసెన్సు చూద్దామని అడిగాను.

‘‘అల్లుడూ, నీకు లైసెన్సు ఎప్పుడొచ్చింది?’’

‘‘ఇంటర్ అయినంక, మామా.’’

‘‘ట్రాక్ మీద బండితో ఎనిమిది అంకె వేసినవా?’’

వాడు ఆటో టాపు వంక చూశాడు. ‘‘ఏజెంటన్న మాట్లాడిండు. నేను ఫొటో దిగిన, సంతకం పెట్టిన, వచ్చిన.’’

అంతే. పద్దెనిమిదేళ్ల పోరడు, ఫొటో, సంతకం. బ్రేకు ఎక్కడుందో బ్రేక్ ఇన్‌స్పెక్టరూ అడగలేదు, వీడూ చెప్పలేదు. ఇది ఏ జిల్లా ఆఫీసని నన్నడగొద్దు. మీ జిల్లాదే అనుకోండి. తప్పయితే చెప్పండి, దిద్దుకుంటాను.

పాపం, మా పోరడొక్కడే కాదు. ఆర్థికవేత్తలు మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్, మరో ఇద్దరు కలిసి 2004, 2005ల్లో ఢిల్లీలో లైసెన్సు కోసం వచ్చిన 822 మంది వెంట పడ్డారు. లైసెన్సు చేతికొచ్చినవాళ్లలో దాదాపు 71 శాతం మంది టెస్టుకే పోలేదు. తర్వాత విడిగా స్టీరింగు చేతికిచ్చి చూస్తే 62 శాతం మందికి నడపడమే రాదు. ఏజెంటును పట్టుకున్నోడికి లైసెన్సు, కష్టపడి నేర్చుకున్నోడికి ‘మళ్లీ రా’. ఆ పరిశోధనను ప్రపంచమంతా చదివింది. మనం చదవలేదు, ఎందుకంటే మనకు ముందే తెలుసు.

దేశంలో లైసెన్సుల్లో 30 శాతం బోగస్ అని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీయే చెప్పారు. చాలాసార్లు చెప్పారు. ఎంత నిజాయితీ! దుకాణం ఓనరే బయటికొచ్చి ‘మా పాలల్లో మూడో వంతు నీళ్లు’ అని మైకులో చెప్పడం లోకంలో ఇంకెక్కడైనా చూశారా? చెప్పి, లోపలికి పోయి, మళ్లీ నీళ్లు కలిపాడు. మనం చెంబు పట్టుకుని వరసలోనే నిలబడ్డాం.

ఇప్పుడు ఆ నీళ్ల పాలకే అంతర్జాతీయ ముద్ర వేయించాలి. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు, ట్రాక్ మీద ఎనిమిది వెయ్యనోడికి లోకమంతా తిరిగే పర్మిట్టు. దీనికి టెస్టు పెడతారా? పెట్టరు. లైసెన్సున్నోడికి నడపడం వచ్చన్నట్టే కదా! ఫారం 4ఏ నింపాలి, 1000 రూపాయలు కట్టాలి, పాస్‌పోర్టు చూపాలి. ఏడాది చెల్లుతుంది. ఈలోపు అసలు లైసెన్సు గడువు ముగిస్తే ఇదీ దాంతోపాటే చచ్చిపోతుంది, సతీసహగమనం.

కౌంటరు దగ్గర మొదటి మాట: ‘‘మెడికల్ సర్టిఫికెట్ ఏది?’’ ‘‘అక్కర్లేదు కదా సార్, 2021 జనవరిలో కేంద్రం ఆ షరతు తీసేసింది. వీసా చూపాలన్న షరతు కూడా పోయింది.’’ ఆయన నా వైపు జాలిగా చూశాడు. గెజిట్ చదివినోణ్ణి మన ఆఫీసుల్లో అట్లాగే చూస్తారు, జ్వరమొచ్చినోణ్ణి చూసినట్టు. ‘‘ఢిల్లీలో తీసేసిండ్రేమో. మా దగ్గరికి ఇంకా రాలే.’’ గెజిట్ ఢిల్లీలో బయలుదేరి ఇన్నేళ్లయింది. కాజీపేటలో రైలు మారేటప్పుడు తప్పిపోయి ఉంటుంది. ఎదురుగా జిరాక్సు సెంటరు. జిరాక్సు సెంటరు వెనక డాక్టరు. డాక్టరు తలెత్తకుండానే కళ్లు పరీక్షించాడు. ‘‘ఎన్ని కావాలె?’’ అన్నాడు. కళ్లు కాదు, కాపీలు.

అసలు రగడ పేరు దగ్గర మొదలైంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. అప్పట్లో ఫారం నింపినోడు బద్ధకించాడు. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించుకుని ముందు కూర్చుంది. పదో తరగతి మెమోలో పూర్తి ఇంటిపేరు, దాని వెనక రెండు పేర్లు, మధ్యలో ఒక ‘కుమార్’. ఆధార్‌లో కుమార్ లేడు. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు. అమెరికా వీసాలో అయితే వాడి పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయింది. అసలు పేరుండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యు’ అని అచ్చేశారు. అంటే, మొదటి పేరు తెలియదు. ఇరవై రెండేళ్ల కిందట జీడికల్ రాములోరి గుడిలో పూజ చేయించి, చెవిలో మూడుసార్లు చెప్పి పెట్టిన పేరు. ఎవరికి తెలియదు? రాములవారిని అడగండి, చెబుతాడు. ఇప్పుడు అక్కడ వాణ్ణి ‘మిస్టర్ ఎఫ్ఎన్‌యు’ అని పిలుస్తారు. ఆ దేశంలో వేలమంది తెలుగు పిల్లలది ఇదే పేరు. మనకు తెలియకుండానే ఒక కొత్త కులం పుట్టింది.

ఊరి పేరు చూద్దాం. ఒకదాంట్లో లింగాల ఘనపూర్. ఒకదాంట్లో లింగాలఘణపురం. ఇంకోదాంట్లో రెండూ కలిపి, మధ్యలో అక్షరం మింగి, ఏదో. పక్కనే స్టేషన్ ఘనపూర్ ఉంది. ములుగు దిక్కు కోటగుళ్ల ఘనపూర్ ఇంకోటి. ఒక గుమాస్తా గారు ఉదారంగా మమ్మల్ని రైల్వే స్టేషను దాకా జరిపేశారు. మా ఊరికి రైలే రాదు మొర్రో అన్నా వినలేదు. కంప్యూటర్‌లో ఉంది, కాబట్టి రైలొస్తుంది.

పుట్టిన జిల్లా? వరంగల్. పుట్టిన రాష్ట్రం? ఆంధ్రప్రదేశ్. ఇప్పుడు? 2014 జూన్ 2 నుంచి తెలంగాణ, 2016 అక్టోబర్ 11 నుంచి జనగామ జిల్లా. బండి నెంబర్లకు టీఎస్ 27 వచ్చింది. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. పోరడు పుట్టిన ఇల్లు ఇంచు కదల్లేదు. ఇంటి ముందరి వేపచెట్టు కదల్లేదు. ఆ ఇంటి చుట్టూ ప్రభుత్వాలే పరుగెత్తాయి. బోర్డులు మార్చినందుకు ఊరేగింపులు తీశారు, పూలు చల్లుకున్నారు. ఆ మార్పుల పొత్తు కుదర్చడానికి నోటరీ ముందు అఫిడవిట్ల మీద అఫిడవిట్లు రాయించుకున్నది మాత్రం మా మేనల్లుడు. ‘ఫలానా పేర్లు గల నలుగురూ ఒక్కడే’ అని నోటరీ రాసిచ్చాడు. పురాణాల్లో దేవుడికి తప్ప ఇంత గౌరవం ఎవరికీ దక్కలేదు.

ఇన్ని తంటాలు పడ్డాక ఆ పుస్తకం వచ్చింది. బూడిద రంగు అట్ట. లోపల తెల్ల పేజీలు. ఆ రంగులు మనం పెట్టినవి కావు. 1949 సెప్టెంబర్ 19న జెనీవాలో దేశాలన్నీ కూర్చుని రాసుకున్న రోడ్డు రవాణా ఒప్పందంలో ఉన్నవి. ఆ రోజుకు హైదరాబాద్ మీద పోలీస్ యాక్షన్ ముగిసి ఏడాది రెండు రోజులు. మా జనగామ తాలూకాలో ఇంకా తుపాకులు మోగుతున్నాయి. ఇక్కడ ఎడ్లబండికి దిక్కులేని రోజున అక్కడెవరో మా తాతల మునిమనవడి పర్మిట్టుకు అట్ట రంగు ఖాయం చేశారు. మనదేశం 1962లో ఆ ఒప్పందంలో చేరింది. 2022 ఆగస్టులో కేంద్రం దేశమంతా ఈ పుస్తకం ఒకే తీరుగా ఉండాలని నోటిఫికేషన్ ఇచ్చి, దానిమీద క్యూఆర్ కోడ్ కూడా వేయించింది. భేష్. పనికిరాని కాగితానికి పక్కా గుర్తింపు.

ఆ ఒప్పందం లెక్కన పుస్తకంలో ఐక్యరాజ్యసమితి అధికార భాషలన్నిట్లో తర్జుమా ఉండాలి. చైనా భాషలో కూడా. ఆ చైనా ప్రధాన భూభాగంలో ఈ పర్మిట్టు చెల్లదు. చైనా పోలీసు చక్కగా తన భాషలో చదువుకుని, ‘కుదరదు’ అని తన భాషలోనే చెబుతాడు.

మంచి మాట ఒకటి చెప్పాలి. పుస్తకం చేతికిచ్చిన చిన్న ఉద్యోగి మెల్లగా అన్నాడు: ‘‘ఇది అక్కడ ఎన్నో రోజులు నడువది సార్. అందరు తీసుకుంటున్నరు, మీరూ తీసుకున్నరు.’’ ఆ ఆఫీసులో ఆ రోజు విన్న ఒకే ఒక్క నిజం అది. ఆయనకు ప్రమోషన్ రాదు.

ఆయన చెప్పిందే అయింది. టెక్సాస్‌లో కాపురం పెట్టినోడు సొంత దేశపు లైసెన్సు మీద 90 రోజులే నడపొచ్చు. తర్వాత అక్కడి లైసెన్సు తీసుకోవాల్సిందే. కాలిఫోర్నియాలో అయితే నివాసం ఖాయమయ్యాక 10 రోజులే. పది రోజుల్లో మన పిల్లలకు కరెంటు కనెక్షన్ కూడా రాదు. పర్మిట్టు మీద రాసుంది ఏడాది. ఏడాది అన్నది మన ఆశ, తొంభై రోజులన్నది వాళ్ల చట్టం. మధ్యలో మన పిల్లలు.

ఇక్కడ ఇంకో ముచ్చట వినండి. ఫ్రాన్స్, జర్మనీ, దక్షిణ కొరియా, తైవాన్ లైసెన్సు ఉన్నోళ్లకు టెక్సాస్ టెస్టు మాఫీ చేస్తుంది. ఆ దేశాలు కూర్చుని ఒప్పందాలు చేసుకున్నాయి. తైవాన్‌ను దేశమని అమెరికా అధికారికంగా ఒప్పుకోదు. దాని లైసెన్సును మాత్రం ఒప్పుకుంటుంది. మన సంగతి? మనం దేశమే. పెద్ద దేశమే. 2019 సెప్టెంబర్ 22న అదే టెక్సాస్‌లో, హ్యూస్టన్ స్టేడియంలో, ‘హౌడీ మోదీ’ అని యాభై వేల మంది గొంతులు పగిలేలా అరిచారు. రెండు దేశాల నేతలు చేతులు పట్టుకుని స్టేడియమంతా తిరిగారు. డప్పులు, డ్యాన్సులు. మర్నాడు పొద్దున ఆ జనంలో సగం మంది డ్రైవింగ్ టెస్టు అపాయింట్‌మెంటు కోసం ఫోన్లు నొక్కుకున్నారు. ఆ రెండు చేతుల మధ్య ఒక చిన్న ఒప్పంద పత్రం పెట్టడానికి చోటు లేకపోయిందా? మన మంత్రులు, మన ముఖ్యమంత్రులు, అప్పటి బంగారు తెలంగాణ వాళ్లూ ఇప్పటి తెలంగాణ రైజింగ్ వాళ్లూ, డల్లాస్ పోతారు. శాలువాలు కప్పించుకుంటారు. పెట్టుబడుల లెక్కలు చదువుతారు. ‘మా పిల్లల లైసెన్సు సంగతి కాస్త చూడండి’ అని అక్కడి గవర్నరును ఎవరైనా అడిగారా? అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేస్తాడని భయం: మీ లైసెన్సు మీరు నమ్ముతారా?

అసలు గొంతులో ముల్లు అది. వాళ్లను తిట్టి లాభం లేదు. 2022లో ఈ దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారు. ప్రభుత్వం అచ్చేసిన లెక్క. ఏడాదిలో ఒక జిల్లా కేంద్రం ఖాళీ అయినట్టు. ఇంత పీనుగుల కుప్ప పక్కన నిలబడి ‘మా లైసెన్సుకు విలువివ్వండి’ అంటే, ఎవడిస్తాడు? బ్రిటన్ వాడు మన లైసెన్సు మీద ఏడాది నడపనిస్తాడు. తర్వాత మొదటి నుంచి మొదలు పెట్టమంటాడు. రాత పరీక్షలో 50 ప్రశ్నలకు 43 సరిగా రాయాలి. ఆపైన వీడియోల్లో ముంచుకొచ్చే ప్రమాదాన్ని ముందే పసిగట్టే పరీక్ష. మన ఎల్ఎల్ఆర్ పరీక్షలో 20కి 12. ఆ పన్నెండు కూడా ఎవరి వేలు నొక్కిందో కంప్యూటర్ మౌసుకే ఎరుక.

మేనల్లుడు టెక్సాస్‌లో మొదటి టెస్టు ఫెయిలయ్యాడు. ఎందుకు? స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగలేదు. ‘‘ఎవ్వరు లేరు కద మామా, ఎందుకు ఆగాలె?’’ అన్నాడు ఫోన్లో. నిజమే. జనగామలో ఎవరైనా ఉంటేనే ఆగం. రెండోసారి కూడా ఫెయిల్. భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడలేదట. మూడోసారి పాసయ్యాడు. జీవితంలో వాడు నిజంగా రాసిన మొదటి డ్రైవింగ్ పరీక్ష అది. ఆ లైసెన్సుకు కూడా అక్కడ ఉండే అనుమతితో ముడి పెట్టారు. ఆ అనుమతి గడువు ఎంతో లైసెన్సు గడువు అంతే. ఆ కాగితం ఆలస్యమైతే కారు షెడ్డులో, పోరడు సైకిలు మీద.

అయినా వీడి బాధ బాధే కాదు. వీడు డాలర్ల వైపు పోయాడు, మూడు టెస్టులకు పైసలు కట్టుకున్నాడు, నవ్వుకుంటూ చెప్పుకున్నాడు. మా వాడకట్టు తమ్ముడొకడు ఉన్నాడు. వాడి సంగతికి నవ్వు రాదు.

వాడు సౌదీ పోయాడు. హౌస్ డ్రైవర్ వీసా. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ మించి తీసుకోకూడదని కేంద్రం నియమం. బోర్డు మీద రాసుంటుంది కూడా. వాడు లక్షా ఇరవై వేలు కట్టాడు. రసీదు? రసీదులో ముప్పై వేలే. మిగతాది ‘ఖర్చులు’. ఆ ఖర్చుల్లో ఒకటి, ఇక్కడ రాత్రికి రాత్రి పుట్టించిన లైసెన్సు. అప్పటిదాకా వాడు నడిపింది ట్రాక్టరు, అదీ దున్నేటప్పుడు. గెట్టు దాటి రోడ్డెక్కలేదు. ఈ కాగితంతో రియాద్‌లో దిగాడు, ఎనిమిది వరసల రోడ్డు మీద.

అక్కడ మన లైసెన్సును అడిగేదెవరు? రుఖ్సా కావాలి, అంటే వాళ్ల లైసెన్సు. రుఖ్సాకు ఇకామా కావాలి, అంటే అక్కడ ఉండే పర్మిట్టు. ఇకామాకు కఫీల్ సంతకం కావాలి, అంటే కొలువిచ్చిన యజమానిది. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో. రుఖ్సా రాకముందే కఫీల్ కారు తాళాలిచ్చాడు: పిల్లల్ని బడికి దింపు. దింపనంటే? ఎడారిలో గొర్రెలున్నాయి, కాస్కో. వాడు నడిపాడు. కెమెరా ఫొటో తీసింది. ఫైన్ పడింది. ఫైన్ జీతంలో కోత. ఇంటి పనివాళ్లూ ఇంటి డ్రైవర్లూ సౌదీ కార్మిక చట్టం కిందికి రారు, వాళ్లకు వేరే నియమావళి. ఎవరికి మొర పెట్టుకుంటాడు? ఎంబసీ నెంబరుంది. రాత్రి పదకొండింటికి డ్యూటీ దిగినోడు ఎప్పుడు కలుస్తాడు? ఓర్వలేక బయటికి దుంకినోళ్లను మనవాళ్లు ‘కల్లివెల్లి’ అంటారు. ఆ మాట వింటే పాటలా ఉంటుంది. అర్థం మాత్రం ఇంతే: కాగితం లేని మనిషి. దొరికితే జైలు. యాక్సిడెంటులో ఎవరైనా చనిపోతే దియ్యా కట్టాలి, రక్తం సొమ్ము. కట్టలేకపోతే మళ్లీ జైలు. 2018 జూన్ 24 నుంచి సౌదీలో ఆడవాళ్లూ కార్లు నడుపుకుంటున్నారు. మంచిదే, ఇన్నేళ్లకైనా. ఆ కబురు మాత్రం మా దగ్గరి ఏజెంటుకు ఇంకా చేరలేదు. గెజిట్ పోయిన రైల్లోనే వస్తున్నట్టుంది.

కువైట్ ఇంకా గమ్మత్తు. 2014లో అక్కడ పరదేశీయులకు లైసెన్సు కావాలంటే డిగ్రీ ఉండాలి, నెలకు 600 దీనార్ల జీతముండాలి, రెండేళ్లు అక్కడే ఉండి ఉండాలి అన్నారు. డ్రైవర్ కొలువు వీసా మీద వచ్చినోళ్లకు సడలింపు, మిగతా అందరికీ బిర్రు. మన దగ్గర ఎంబీఏ చదివి ఆటో నడుపుతారు. అక్కడ కారు నడపడానికి డిగ్రీ అడుగుతారు. చూశారా, మన చదువులకు ఎక్కడో ఒకచోట విలువుంది! దుబాయిలో మన లైసెన్సును నేరుగా మార్చివ్వరు. క్లాసులకు పోవాలి, టెస్టు మీద టెస్టు రాయాలి. 2023లో ‘గోల్డెన్ చాన్స్’ అన్నారు: క్లాసులు లేకుండా ఒక్కసారి నేరుగా రోడ్డు టెస్టు రాయొచ్చు. ఫెయిలైతే మళ్లీ క్లాసులకే. బంగారం అన్న మాట వింటేనే తెలంగాణవాడికి అనుమానం రావాలి, మనకు అనుభవముంది.

గల్ఫ్ కార్మికులకు మన సర్కార్లు ఏం చేశాయి? అన్యాయంగా మాట్లాడొద్దు, చేశాయి. ఎన్నికలకోసారి ‘ఎన్ఆర్ఐ పాలసీ’ అన్న మాట అచ్చేయించాయి. 2024లో ఒక జీవో వచ్చింది: గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు. ఇవ్వాల్సిందే, ఇంకా ముందే ఇవ్వాల్సింది. కానీ ఒక్కసారి ఆలోచించండి. చచ్చిన డ్రైవరుకు 5 లక్షలిచ్చే సర్కారు, బతికున్న డ్రైవరుకు విమానమెక్కకముందు కుడివైపు రోడ్డు మీద నడపడం నేర్పిందా? మనం ఎడమవైపు పోతాం, వాళ్లు కుడివైపు. ఎంత ఖర్చవుతుంది? ఒక ట్రాక్, ఒక మాస్టారు, రెండు వారాలు, అరబ్బీ రోడ్డు గుర్తుల పుస్తకం ఒకటి. శవపేటికకు విమానం టిక్కెట్టు కంటే ఎక్కువవుతుందా?

నేర్పే స్కీము లేదా అంటే, ఉంది. 2021 జూలై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రాలు రావాలి. కారుకు 29 గంటలు నేర్పాలి, సిమ్యులేటర్ ఉండాలి, ట్రాక్ ఉండాలి. అక్కడ పాసైనోడికి ఆర్టీఏ టెస్టు మాఫీ. చదివితే కళ్లు చెమర్చాయి. మా మండలం నుంచి అలాంటి కేంద్రం ఎంత దూరం? వెతుకుతూ బయలుదేరాలంటే ముందు బండి నడపడం రావాలి.

ఇంకో తమాషా. లైసెన్సు ఫోన్లో చూపిస్తే చాలని కేంద్రం 2018లో చెప్పింది. తెలంగాణ అంతకు ముందే, 2016లోనే, ఎం-వాలెట్ తెచ్చి ఛాతీ చరుచుకుంది. బాగుంది. పరాయి దేశంలో పోలీసుకు ఫోను చూపించండి. ‘‘చేతులు స్టీరింగు మీద పెట్టు’’ అంటాడు. వాడికి కార్డు కావాలి, ప్లాస్టిక్ కార్డు. కెనడాలో ఒంటారియోకు పోయారా? మీకు ఎన్నేళ్ల అనుభవముందో మీ దేశపు ఆఫీసు నుంచి ఉత్తరం తెమ్మంటారు. ఆ ఉత్తరం కోసం అక్కడి పిల్లలు ఇక్కడి తండ్రిని పురమాయిస్తారు. అరవై ఏళ్ల తండ్రి, మోకాళ్ల నొప్పులు, మూడు బస్సులు. కౌంటరులో ‘‘క్యాండిడేట్ రావాలె’’ అంటారు. క్యాండిడేట్ టొరంటోలో మంచు ఎత్తిపోస్తున్నాడు. ‘‘అయితే ఏజెంటును కలువుండ్రి.’’ ఏజెంటు గేటు బయటే, చాయ్ డబ్బా దగ్గర. ఆయనకు అపాయింట్‌మెంటు అక్కర్లేదు, స్లాటు అక్కర్లేదు, సర్వరు డౌను కాదు. ఈ రాష్ట్రంలో ఇరవై నాలుగు గంటలు పనిచేసే ఏకైక సింగిల్ విండో ఆయన.

మొన్న దసరాకు మేనల్లుడు ఊరికొచ్చాడు. టెక్సాస్ లైసెన్సు పర్సులో. కారు తీసుకుని నెల్లుట్ల దగ్గర పెద్దరోడ్డు ఎక్కబోతూ పూర్తిగా ఆపాడు. మూడు లెక్కపెట్టాడు. భుజం మీదుగా వెనక్కి చూశాడు. వెనక సెవెన్ సీటర్ వాడు హారను ఆపకుండా కొట్టాడు, పక్కకొచ్చి తల బయటపెట్టి అడిగాడు: ‘‘ఏమైందన్నా, బండి ఖరాబైందా? నెట్టాల్నా?’’

ఆ ఆటో మాదే. అదే డ్రైవరు. లైసెన్సు సంగతి నేను ఇప్పటికీ అడగలేదు.

ఇంటికొచ్చాక మేనల్లుడు సూట్‌కేసు దులిపితే బూడిద రంగు పుస్తకం కింద పడింది. గడువు ఎప్పుడో తీరిపోయింది. ‘‘పారెయ్యే అమ్మా’’ అన్నాడు. మా చెల్లె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అట్ట గట్టిగుంది, కాగితం మందంగా ఉంది, వెయ్యి రూపాయలు పెట్టిన వస్తువును ఊరికే పారేస్తామా? పాలకేంద్రానికి పోసే పాల లెక్క రాసుకుంటానని దాచింది.

నిన్న చూశాను. అరబ్బీ అక్షరాల పేజీ మార్జిన్‌లో పెన్సిలుతో: సోమారం మూడు లీటర్లు. మంగళారం రెండున్నర. బుధారం నాగా.